మీకు తెలుసా? నూటికి తొంభై ఆరు ఎవరి జేబులోకి?

జేబు లెక్క వేరు, పందెం లెక్క వేరు

ఆన్‌లైన్ స్లాట్ ఆటల్లో నియమాల పేజీ తెరిస్తే అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఆర్‌టీపీ 96 శాతం’ అని ఉంటుంది. రిటర్న్ టు ప్లేయర్ అన్నమాట. అందరూ కాసిన పందేల మొత్తంలో తిరిగి ఆటగాళ్లకే చేరే భాగం. అది చూసినవాడు ‘వెయ్యి పెడితే పోయేది నలభయ్యేగా’ అనుకుంటాడు. తిరకాసంతా అక్కడే ఉంది.

ఆ శాతం ఖాతాలో వేసుకున్న డబ్బు మీద కాదు, కాసిన ప్రతి పందెం మీదా లెక్క. గెలిచిన సొమ్మును మళ్లీ కాస్తే దాని మీద మళ్లీ నాలుగు శాతం కోత. వెయ్యి రూపాయలు ఒక చుట్టు తిరిగేసరికి సగటున 960 అవుతాయి. రెండో చుట్టుకి 921 రూపాయల 60 పైసలు. మూడో చుట్టుకి 884 చిల్లర. పదిహేడో చుట్టు పూర్తయ్యేసరికి చేతిలో మిగిలేది అయిదు వందలు. పది రూపాయల పందెంతో ఆడేవాడు ఈ పదిహేడు చుట్లకీ కలిపి దాదాపు 1,250 సార్లు బటన్ నొక్కాలి. ఆరు సెకన్లకోసారి నొక్కితే రెండు గంటల అయిదు నిమిషాలు. ఈమధ్య మన సినిమాలకి అంతకంటే ఎక్కువే పడుతోంది.

వేగమూ ఖర్చే

అదే 1,250 స్పిన్‌లను రెండున్నర సెకన్లకోసారి నొక్కితే 52 నిమిషాల్లో అయిపోతాయి. శాతం మారలేదు, పందెం మారలేదు, సగం డబ్బు మాత్రం గంటలోపే పోయింది. బ్రిటన్ గ్యాంబ్లింగ్ కమిషన్ ఈ సంగతి గమనించే, ఆన్‌లైన్ స్లాట్‌లో ఒక స్పిన్ రెండున్నర సెకన్లకన్నా త్వరగా ముగియకూడదని 2021లో నిబంధన పెట్టింది. బటన్ నొక్కకుండానే దానంతటదే తిరిగే ఆటోప్లేని కూడా అప్పుడే తీసేయించింది. 2025లో ఒక్కో స్పిన్ పందేనికీ హద్దు వచ్చింది: పాతికేళ్లు నిండినవారికి అయిదు పౌండ్లు, 18 నుంచి 24 ఏళ్లవారికి రెండు పౌండ్లు. ఆర్‌టీపీ జోలికి పోకుండా, వేగానికీ పందేనికీ కళ్లెం వేశారు. నా దృష్టిలో సరైన చోటే పట్టుకున్నారు.

సున్నా విలువ

ఈ శాతాలు ఎక్కడినుంచి ఊడిపడతాయో చూడాలంటే రౌలెట్ చక్రం చాలు. యూరప్ చక్రంలో 1 నుంచి 36 దాకా అంకెలు, వాటితోపాటు ఒక సున్నా. మొత్తం 37 గడులు. గడికో రూపాయి చొప్పున 37 రూపాయలు కాశారనుకోండి. ఏదో ఒక గడి ఖాయంగా గెలుస్తుంది. గెలిచిన రూపాయితోపాటు దానికి 35 రూపాయలు ఇస్తారు. అంటే వెనక్కి వచ్చేవి 36. 37 పెట్టి 36 తీసుకోవడమే ఆ ఆట ఆర్‌టీపీ: 97.30 శాతం. ఇందులో మోసం లేదు, అయస్కాంతం లేదు. 37 గడులున్న చక్రానికి 36 గడులున్నట్టు లెక్కకట్టి డబ్బులివ్వడమే వ్యాపారం.

అమెరికా చక్రంలో ఇంకో సున్నా ఉంటుంది. గడులు 38, ఇచ్చేది మాత్రం అదే 36. ఆర్‌టీపీ 94.74కి జారుతుంది. చూడ్డానికి ఒక్క గడే తేడా, కాసినో వాటా మాత్రం దాదాపు రెట్టింపు. లాస్ వెగాస్‌లో కొన్ని చోట్ల మూడు సున్నాల చక్రాలూ పెట్టారు. అక్కడ 92.31. నాలుగో సున్నా ఎప్పుడొస్తుందో!

తమాషా ఏమిటంటే ఈ కథ ఒకప్పుడు ఎదురు దిశలో నడిచింది. 1843లో ఫ్రాన్స్వా, లూయీ బ్లాంక్ అనే అన్నదమ్ములు జర్మనీలోని బాద్ హోంబుర్గ్‌లో రెండు సున్నాల్లో ఒకదాన్ని తీసేసి ఒంటి సున్నా చక్రం పెట్టారు. వాటా తగ్గించుకుంటే జనం ఎక్కువ వస్తారు, ఎక్కువసేపు ఆడతారు అని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పలేదు. తర్వాత మోంటే కార్లో కాసినోని నిలబెట్టినవాడు వాళ్లలో ఒకడైన ఫ్రాన్స్వాయే.

గుండాటలో దాగిన పదిహేడు

సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందేల బరుల పక్కన గుండాట బోర్డులు వెలుస్తాయి. పట్టా మీద ఆరు బొమ్మలు, పాచికల మీదా అవే ఆరు. బొమ్మ మీద డబ్బు పెట్టాలి. పాచికలెన్ని, చెల్లింపెంత అనేది బోర్డు బోర్డుకీ మారుతుంది. మూడు పాచికలతో, బొమ్మ ఒకసారి పడితే పెట్టినంత, రెండుసార్లు పడితే రెండింతలు, మూడూ పడితే మూడింతలు లాభం ఇచ్చే పద్ధతిని తీసుకుందాం.

చూసేవాడికి తట్టే లెక్క ఇది: ‘ఆరు బొమ్మలు, మూడు పాచికలు. నా బొమ్మ పడే అవకాశం ఆరింట మూడు, అంటే సగం. పైగా రెండుసార్లు పడితే అదనం. ఆట నావైపే ఉంది!’ వినడానికి ఎంత బాగుందో!

అసలు లెక్క చూడండి. మూడు పాచికలు పడే తీరులు 6×6×6, అంటే 216. వాటిలో మీ బొమ్మ అసలు పడనివి 5×5×5, అంటే 125. అంటే సగం కంటే ఎక్కువసార్లు ఓటమే. ఒకసారి పడేవి 75, రెండుసార్లు పడేవి 15, మూడూ పడేది ఒక్కటి. ప్రతిసారీ రూపాయి చొప్పున కాస్తే లాభం 75, ముప్ఫై, మూడు కలిపి 108 రూపాయలు. నష్టం 125. తేడా పదిహేడు. 216 రూపాయల పందేలకి 199 వెనక్కి వస్తాయి. ఆర్‌టీపీ 92.13 శాతం. రెండు సున్నాల అమెరికా చక్రం కంటే ఇది అధ్వానం.

బోర్డు నడిపేవాడికి ఈ భిన్నాలు వచ్చి ఉండకపోవచ్చు. పండగ మూడు రోజులూ గడిచాక సంచి బరువు చూసుకుంటే అతనికి తెలిసిపోతుంది.

లోపలా, బయటా?

పేక ముక్కల్లో లోపల-బయట ఆట మనకి కొత్తది కాదు. కాసినోలు దాన్నే అందర్ బాహర్ పేరుతో తెర మీదికి ఎక్కించాయి. నడిమి ముక్కతో సరిపోయే ముక్క ఎటువైపు పడుతుందన్నదే పందెం. రెండు వైపులూ సమానం అనుకుంటాం. కాదు. మొదటి ముక్క ఏ వైపు వేస్తారో ఆ వైపుకి 51.5 శాతం, రెండో వైపుకి 48.5 శాతం. అందుకే ఆన్‌లైన్‌లో మొదటి ముక్క పడే వైపు గెలిస్తే రూపాయికి తొంభై పైసలే ఇస్తారు, రెండో వైపుకి రూపాయికి రూపాయి. లెక్కేస్తే మొదటి వైపు ఆర్‌టీపీ 97.85, రెండో వైపు 97. తక్కువ ఇచ్చే వైపే ఆటగాడికి నయం.

నలుడు లెక్కపెట్టిన చెట్టు

జూదానికీ గణితానికీ చుట్టరికం పాతదే. భారతంలోని నలోపాఖ్యానంలో అయోధ్య రాజు ఋతుపర్ణుడు రథం మీద వెళుతూ దారిలో తాండ్ర చెట్టుని చూసి, దాని రెండు కొమ్మల్లో ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. కాయలు 2,095 అంటాడు. బాహుకుడి పేరుతో రథం తోలుతున్న నలుడు నమ్మడు. చెట్టు నరికి లెక్కపెడతాడు, సరిగ్గా సరిపోతాయి. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడికి అక్షహృదయం అనే పాచికల విద్య అప్పుడే దక్కుతుంది, బదులుగా ఋతుపర్ణుడికి అశ్వహృదయం. ఆ కాలంలో పాచికలుగా వాడింది ఆ తాండ్ర కాయలనే.

ఇప్పుడు అలా లెక్కపెట్టి చూసే పని పరీక్షా సంస్థలది. 1989లో మొదలైన గేమింగ్ లేబొరేటరీస్ ఇంటర్నేషనల్, 2003లో వచ్చిన ఈకోగ్రా లాంటివి ఆట ప్రోగ్రామును తీసుకుని, చెల్లింపుల పట్టికను లెక్కగట్టి, కంప్యూటర్‌లో కోట్ల స్పిన్‌లు తిప్పించి చూస్తాయి. తెర మీద కనిపించే 96 శాతం ఆ కోట్ల స్పిన్‌ల సగటు. ఒక్క సాయంత్రం మీరాడే నాలుగైదు వందల స్పిన్‌లకి ఆ సగటుతో బాధ్యతేమీ ఉండదు.

ఇలా లెక్కేసి చూడండి. ఒంటి సున్నా రౌలెట్‌లో వందమంది ఎరుపు మీదే ఒకే పందెం చొప్పున వందసార్లు కాశారనుకోండి. చివరికి ముప్ఫై అయిదుగురి దాకా లాభంతో లేస్తారు. ‘నేను గెలిచాను’ అని ఊరంతా చెప్పేది వీళ్లే, అదీ నిజమే. అదే పందెం పదివేలసార్లు ఆడితే లాభంలో ఉండేది వెయ్యిమందిలో ముగ్గురు. ఆట సాగినకొద్దీ శాతం తన పని తాను చేసుకుపోతుంది.

బొమ్మలు కనిపిస్తాయి, లెక్కలు కనిపించవు

చార్లెస్ ఫే శాన్ ఫ్రాన్సిస్కోలో తయారుచేసిన పాత లిబర్టీ బెల్ యంత్రంలో మూడు చక్రాలు, చక్రానికి పది నిలుపులు. మొత్తం వెయ్యి కలయికలు. ఓపిక ఉన్నవాడు చక్రాలు చూసి తన అవకాశమెంతో లెక్కేసుకోగలిగేవాడు. 1984లో ఇంగె టెల్నేస్ అనే అతనికి అమెరికాలో ఒక పేటెంటు దక్కింది. దాంతో ఆ సౌకర్యం పోయింది. చక్రం ఎక్కడ ఆగాలో యాదృచ్ఛిక సంఖ్యలు ముందే తేలుస్తాయి, కళ్లెదుట తిరిగే చక్రం ఆ ఫలితాన్ని చూపిస్తుంది అంతే. కంటికి 22 నిలుపులున్న చక్రం వెనక లెక్కల్లో 256 నిలుపులు ఉండవచ్చు. కంటికి కనిపించే కలయికలు 10,648, లెక్కల్లో ఉన్నవి ఒక కోటీ 67 లక్షల పైచిలుకు. పెద్ద బహుమతి బొమ్మ గీతకి వెంట్రుకవాసి పైన ఆగిందని ఉసూరుమంటాం. ఆ బొమ్మకి లెక్కల్లో ఒక్క నిలుపే, దాని పక్కనున్న ఖాళీలకి పదుల కొద్దీ ఇచ్చి ఉంటారు. ఫోన్లో అయితే చక్రమే లేదు, ఉన్నది దాని బొమ్మ.

ఓడినా గంట మోగుతుంది

ఇరవై గీతల స్లాట్‌లో పది రూపాయలు కాస్తే ఒక గీత గెలిచి నాలుగు రూపాయలు వచ్చాయి. గంట మోగింది, నాణేలు రాలిన చప్పుడు, రంగుల వెలుగులు. ఆరు రూపాయలు పోయిన సంగతి ఆ హడావుడిలో ఎవరికి గుర్తుంటుంది? కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో ఆటగాళ్ల చర్మస్పందనలు కొలిచి చూస్తే, ఇలాంటి ఓటములకి శరీరం దాదాపు గెలుపుకి స్పందించినట్టే స్పందించింది. ఆర్‌టీపీలో ఈ నాలుగు రూపాయలూ ‘తిరిగి ఇచ్చిన సొమ్ము’ కిందే జమ. పందెం కంటే తక్కువో సమానమో వచ్చినప్పుడు గెలిచినట్టు చప్పుళ్లు, బొమ్మలు చూపకూడదని బ్రిటన్ 2021లో నిషేధించింది.

ఒకే ఆట, రకరకాల శాతాలు

పేరు అదే, బొమ్మలు అవే, పాట కూడా అదే. అయినా ఒక సైట్లో 96, మరోదాంట్లో 94, ఇంకోచోట 90కి లోపు. తయారీదారులు ఒకే ఆటకి మూడు నాలుగు శాతాల నమూనాలు చేసి ఇస్తారు, ఏది పెట్టుకోవాలో సైటు యజమాని ఇష్టం. కనిష్ఠ హద్దు కూడా చట్టాన్ని బట్టి మారుతుంది. యంత్రాలకి అమెరికాలోని నెవాడాలో అది 75 శాతం, న్యూజెర్సీలో 83.

విమానం ఆట లెక్క

విమానం పైకి లేస్తుంటుంది, గుణకం పెరుగుతుంటుంది, అది మాయమయ్యేలోగా డబ్బు తీసేసుకోవాలి. కుర్రాళ్లని కట్టిపడేసింది ఈ తరహా ఆటలే. ‘రెండింతలకే తీసుకుంటే క్షేమం’ అని ఒకడు, ‘ఓపిక పట్టి పదింతలకి తీసుకోవాలి’ అని ఇంకొకడు. ఆర్‌టీపీ 97 అయిన ఆటలో విమానం రెండింతలు దాటే అవకాశం 48.5 శాతం, పదింతలు దాటేది 9.7 శాతం, వందింతలు దాటేది ఒక శాతంకన్నా తక్కువ. అవకాశాన్ని గుణకంతో హెచ్చిస్తే ఎక్కడైనా వచ్చేది 97 శాతమే. ఎప్పుడు దిగాలన్న ఆ ఉత్కంఠంతా ఆటగాడిది, మూడు శాతం మాత్రం నిర్వాహకుడిది. టెలిగ్రామ్‌లో ‘ముందే సిగ్నల్ ఇస్తాం’ అంటూ డబ్బు గుంజేవాళ్లది వేరే వ్యాపారం.

తెలివి పనికొచ్చే చోట

బ్లాక్‌జాక్ అనే పేకాటలో శాతం ఆటగాడి చేతిలోనూ కొంత ఉంటుంది. 1956లో అమెరికా సైన్యంలో పనిచేసిన నలుగురు యువకులు టేబుల్ మీది లెక్కల యంత్రాలతో కుస్తీపట్టి, ఏ ముక్కలకి ఏం చేయాలో తేల్చి ఒక గణాంకశాస్త్ర పత్రికలో ప్రచురించారు. ఆ మాదిరి ఆడితే, మంచి నియమాలున్న బల్ల మీద కాసినో వాటా అర శాతం దగ్గరికి పడిపోతుంది. కాసినోలు ఊరుకుంటాయా? ఇరవై ఒకటి నేరుగా పడినప్పుడు రెండు రూపాయలకి మూడు ఇచ్చే చోట, అయిదుకి ఆరు ఇవ్వడం మొదలెట్టాయి. ఆ ఒక్క మార్పుతో వాటా ఇంచుమించు 1.4 శాతం పెరిగింది. ముక్కలు గుర్తుపెట్టుకుని గెలవచ్చనే కథలు ఆన్‌లైన్‌లో సాగవు. ప్రోగ్రాము నడిపే ఆటలో ప్రతి పంపకానికీ పేకని కొత్తగా కలిపేస్తారు.

ఉచిత బోనస్ ఖరీదు

‘వెయ్యి వేస్తే మరో వెయ్యి ఉచితం.’ కింద చిన్న అక్షరాల్లో: బోనస్‌కి 35 రెట్లు ఆడాకే డబ్బు తీసుకోగలరు. అంటే 35,000 రూపాయల పందేలు. 96 శాతం ఆటలో వాటి మీద సగటున పోయేది 1,400. వెయ్యి కొసరు కోసం పద్నాలుగు వందలు వదులుకోవాలి. కొసరు అసలుకే ఎసరు పెట్టడం అంటే ఇదే.

పన్ను ఏ శాతంలోనూ లేదు

2023 అక్టోబరు 1 నుంచి మన దేశంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల డిపాజిట్ మొత్తం మీద 28 శాతం జీఎస్టీ పడింది. అప్పట్లో పన్నుతో కలిపి వంద రూపాయలు వేస్తే ఆటలోకి వెళ్లినవి 78 రూపాయల చిల్లరే. కొన్ని కంపెనీలు ఆ తేడాని బోనస్ రూపంలో తామే భరించాయి లెండి. నికర గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను వేరే. తెర మీది 96లో ఈ రెండూ కనిపించవు.

ఇంతకీ ఆ శాతానికి పూచీ ఎవరు?

బ్రిటన్‌లో ఆ అంకె తప్పయితే లైసెన్సు పోవచ్చు. మన దగ్గర? తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ తమ 1974 నాటి గేమింగ్ చట్టాల్ని సవరించి ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ అందులోకి వస్తాయి. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలిచ్చేవారికి రెండేళ్లు, యాభై లక్షల దాకా. ఆడినవారికి కేంద్ర చట్టంలో శిక్ష లేదు గానీ, రాష్ట్ర చట్టాల కింద వారి మీదా కేసు పెట్టవచ్చు.

కాబట్టి ఇవాళ ఫోన్లో తెలుగు ప్రకటనతో, వాట్సాప్ నంబరుతో వచ్చే కాసినో యాప్ ‘97 శాతం ఆర్‌టీపీ’ అని రాసుకుంటే, దాన్ని పరీక్షించినవాడు లేడు, నిలదీసేవాడు లేడు. గెలిచిన డబ్బు ఇవ్వకపోతే అడిగే వేదికా లేదు. అలా మోసపోయినవారు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. ఆట మానలేక సతమతమవుతున్నవారు మీ ఇంట్లో ఉంటే టెలి-మానస్ 14416కి చేయండి. ఫోన్ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.